మురళి పైనే ఉండాల

“ఉగాది దాటనీండప్పా. మీ టీముకు లైసెన్సు ఉండే కోచ్‌ను తెచ్చి నిలబెడతా. ఇది నా మాట.”

ఈ మాట మా ఫుట్‌బాల్ క్లబ్బు ప్రెసిడెంటు గారిది. తిరుపతిలో, మా గ్రౌండులో, ఆటగాళ్ళందరి ముందూ, మెడలో వేసిన దండ ఇంకా తీయకముందే అన్న మాట. ఉగాది దాటింది. ఎండాకాలం దాటింది. కోచ్ రాలేదు. చివరికి కోచ్ విజిల్ నా మెడలో పడింది. పోయిన ఆదివారం మ్యాచ్‌లో జరిగినదానికి అందరూ వేలు నా వైపే చూపిస్తున్నారు కాబట్టి, అసలేమైందో నా నోటితోనే వినండి. నవ్వుకోండి, ఫరవాలేదు. నవ్వడం అయ్యాక నేను అడిగేది న్యాయమో కాదో చెప్పండి.

ప్రెసిడెంటు గారికి బస్టాండు దగ్గర లాడ్జి ఉంది. ఆయన మాట ఆయనకే గుర్తు చేద్దామని అక్కడికి వెళ్ళాను. కౌంటర్ వెనక కూర్చుని తాళాల గుత్తి సర్దుకుంటున్నాడు.

“కోచ్ ఎందుకప్పా మీకు? బంతి ఉండాది, కాళ్ళుండాయి. విజిల్ ఊదేదానికి ఒక మనిషి కావాల, అంతే గదా?”

ఒళ్ళు మండిపోయింది. “సార్, కోచ్ అంటే విజిల్ ఊదేవాడు కాదు. అదొక శాస్త్రం. ఏ కండరం ఎంత బరువు ఓర్చుకుంటుందో తెలియాలి. ఎవణ్ణి ఎప్పుడు ఆడించాలో, ఎప్పుడు కూర్చోబెట్టాలో తెలియాలి. డాక్టరు లేకుండా ఆసుపత్రి నడుపుతారా మీరు?”

“నేను లాడ్జి నడపతా ఉండానప్పా,” అన్నాడు. “నువ్వు బో చదివినోడివి మాదిరుండావే. నువ్వే ఊదు.”

సొరుగు లాగి ఒక విజిల్ బల్ల మీద పెట్టాడు. అది లాడ్జి వాచ్‌మన్‌ది. కార్లు వెనక్కి తీసేటప్పుడు ఊదేది.

వద్దని విసిరికొట్టాల్సింది. కానీ అప్పటికే నేను గ్రౌండు గోడకు ‘కోచ్ మా హక్కు, మీ దయ కాదు’ అని చార్టు అంటించి ఉన్నాను. ఉత్త చేతులతో ఎలా తిరిగిపోతాను? విజిల్ తీసుకుని గ్రౌండుకు పోయి కుర్రాళ్ళందరినీ కూర్చోబెట్టి, నాయకత్వం బయటినుంచి రాదనీ, మనలోనుంచే పుట్టాలనీ చెప్పాను. చప్పట్లు కొట్టారు.

మా గోల్‌కీపర్ డేవిడ్ ఒక్కడే చెయ్యెత్తాడు. “పుట్టింది సరేన్నా. దానికి ఫుట్‌బాల్ వచ్చునా?”

నాకు వచ్చు, పుస్తకాల్లో. హైస్కూలు దాటాక నేను బంతి తన్నింది తక్కువ, బంతి గురించి చదివింది ఎక్కువ. ఎవరు ఏ ఫార్మేషన్ ఎందుకు వదిలేశారో, ఏ దేశంలో మిడ్‌ఫీల్డ్ ఎలా మారిందో అడగండి, ఇప్పుడైనా చెప్తాను. కోచ్ అయ్యాక నేను తీసుకున్న మొదటి నిర్ణయం, ఇకమీదట మా గ్రౌండులో ఇంగ్లీషు మాట వినపడకూడదని. ఆట జనానిది, కాబట్టి ఆట భాష కూడా జనానిదే కావాలి. ఆ మాట మీద నేను ఇప్పటికీ నిలబడతాను. చిక్కు ఏమిటంటే, జనం భాష జనానికి నాకంటే బాగా వచ్చు.

మొదటి వారంలోనే సూచన కనిపించింది. ఎదుటి ఆటగాణ్ణి అంటిపెట్టుకుని ఉండే మ్యాన్ మార్కింగ్ నేర్పిస్తూ, ఒక డిఫెండర్‌తో “నీ మనిషిని వదలొద్దు, ఎక్కడికి పోతే అక్కడికి పో” అన్నాను. ప్రాక్టీసు మ్యాచ్‌లో ఆ మనిషి మధ్యలో నీళ్ళ ట్యాంకు దగ్గరికి పోయాడు. మావాడు వెనకే పోయాడు. కొళాయి తిప్పుతుంటే ఆనుకుని నిలబడ్డాడు.

“ఏమప్పా, నీళ్ళు తాగేదానికి గూడా నీ పర్మిషనా?” అని వాడు కసిరితే, మావాడు నా వైపు చూసి, “వదలొచ్చాన్నా?” అని అడిగాడు.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. క్రమశిక్షణ ఉందిలే అని సంతోషపడ్డాను.

ఇప్పుడు మురళి గురించి చెప్పాలి. మా టీములో గోల్ కొట్టగలిగినవాడు వాడొక్కడే. వాళ్ళ నాయనకు తిరుమలలో అంగడి ఉంది. గుండు చేయించుకున్నవాళ్ళకు టోపీలు, పిల్లకాయలకు బొమ్మలు అమ్ముతారు. కాపురమూ అక్కడే. ప్రాక్టీసుకు రోజూ ఘాట్ రోడ్డు బస్సులో దిగి వస్తాడు. పోయిన ఆదివారం మా మ్యాచ్ చూడటానికి జిల్లా అండర్ నైన్టీన్ సెలెక్టర్లు వస్తున్నారని కబురు వచ్చింది. వచ్చే ఏడాదికి మురళి వయసు దాటిపోతుంది. అంటే వాడికి ఇదొక్కటే అవకాశం. ఆ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ వారం కొండ మీద రద్దీ ఎక్కువై, అంగడి వదిలి రాలేక వాడు ప్రాక్టీసు ఎగ్గొట్టాడు. నేను మిగతావాళ్ళ ముందు బాధ్యత గురించి కాస్త గట్టిగానే మాట్లాడాను. ఎవడో పోయి వాడికి చెప్పాడు.

మురళిలో ఒక లోపం ఉంది. బంతి రాకపోతే ఓపిక పట్టలేక మిడ్‌ఫీల్డ్‌లోకి వచ్చేస్తాడు. అప్పుడు మేము బంతి గెలిచినా ముందు ఎవడూ ఉండడు. కోచింగ్ పుస్తకాల్లో దీనికి మందు ఉంది. ఫార్వర్డ్ ఎదుటి గోల్ దగ్గరే ఉండిపోవాలి, వెనక్కి దిగకూడదు. దాన్ని ఇంగ్లీషులో ఏమంటారో పక్కన పెట్టి, తెలుగు చేసి, శనివారం సాయంత్రం మా వాట్సాప్ గ్రూపులో ఇలా పెట్టాను:

“రేపు మురళి పైనే ఉండాల. ఎవరు పిలిచినా కిందికి రావద్దు. నేను చెప్తే తప్ప.”

వెంటనే మురళి, “సరే అన్నా” అన్నాడు. తక్కినవాళ్ళు బొటనవేళ్ళు పెట్టారు. ఎదురు ప్రశ్న లేదు. దళం అంటే ఇలా ఉండాలి అనుకున్నాను.

తిరుపతిలో పుట్టినవాళ్ళకు ఈపాటికే విషయం అర్థమై ఉంటుంది. నేను పుట్టింది ఐరాల పక్కన పల్లెలో. మా దగ్గర పైన అంటే మిద్దె. తిరుపతిలో పైన అంటే ఒకటే చోటు, తిరుమల. కింద అంటే తిరుపతి. “మా మామ పైన డ్యూటీ చేస్తాడు”, “రేపు కిందికి వస్తా”, ఇలాగే మాట్లాడుకుంటారు. చదువుకోసం వచ్చి ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటూ, ఈ మాటలు రోజూ వింటూనే ఉన్నాను. తెలుగు చేసేటప్పుడు మాత్రం నా తలలో ఫుట్‌బాల్ మైదానం తప్ప వేరే భూగోళం లేదు.

ఆదివారం ఎదుటి జట్టు చిత్తూరు నుంచి వచ్చింది. వాళ్ళకు నిజమైన కోచ్ ఉంది. లైసెన్సు ఉన్న మేడమ్. టోపీ, మోకాలికి పట్టీ, గట్టి గొంతు. తన పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి ఏదో చెప్పి, “నేనేం చెప్పినానో ఇప్పుడు నువ్వు చెప్పు” అంటోంది. వాడు అప్పజెప్తేనే పంపుతోంది. ఒకడు తడబడితే, “ఇంకోతూరి. నా మాటల్లో కాదురా, నీ మాటల్లో చెప్పు” అంది.

నేను డేవిడ్‌తో, “ఏందిరా ఇది, ఎల్‌కేజీ క్లాసా?” అన్నాను.

వాడు నవ్వలేదు. “అది సరేగానీ అన్నా, మురళి స్థానంలో ఎవరు ఆడతారు?”

“మురళి స్థానంలో మురళి ఆడతాడు.”

“వాడు పైనుండాడు గదన్నా.”

“ఉండాలనే కదా చెప్పింది.”

“అదే. పైనుండాడు. మరి ఈడెవరు ఆడేది?”

  మురళికి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

“మురళీ, యాడుండావు?”

“పైన.”

“పైన అంటే?”

“పైన అంటే పైనన్నా. అంగట్లో. నువ్వే గదా ఉండమనింది. బూట్లు గూడా వేసుకొనే ఉండాను. నువ్వు చెప్తే వచ్చేద్దామని.”

వెనకనుంచి ఎవరో టోపీ బేరమాడుతున్న గొంతు వినపడుతోంది. నేను చెప్పాల్సింది “రా” అన్న ఒక్క మాట. నేనేమో హై పొజిషన్ అంటే ఏమిటో, మన వ్యూహంలో దాని పాత్ర ఏమిటో వివరించడం మొదలుపెట్టాను. డేవిడ్ నా చేతిలో ఫోన్ లాక్కుని, “రేయ్, దిగి రా” అని పెట్టేశాడు.

మ్యాచ్ మొదలైంది. మురళి చోట నీళ్ళ ట్యాంకు దాకా వెంటపడిన డిఫెండర్‌ను ఆడించాను. సెలెక్టర్లు నీడలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నేను మైదానాన్ని చూడలేదు, గేటునే చూస్తూ నిలబడ్డాను. మొదటి సగం ముగిసేలోపు రెండు గోల్స్ తిన్నాం. రెండో గోల్ అయ్యాక ఆ మేడమ్ నా దగ్గరికి వచ్చింది.

“ఏమప్పా, మీ ఎడమ పక్క పిల్లోడు కాలు లాగతా ఉండాడు. ఎంతసేపు ఆడిస్తావు? తొడ పట్టేసిందంటే నెలరోజులు లేవడు.”

చూశాను. నిజమే, కుంటుతున్నాడు. నేను గేటుకు కాపలా కాస్తుంటే, ఎదుటి జట్టు కోచ్ నా ఆటగాడి కాలు చూసింది. వాణ్ణి మార్చాను.

“మీ పది నంబరు కుర్రోడు రాలేదా? బాగా ఆడతాడని విన్నాను,” అంది ఆమె.

“పైనుండాడు మేడమ్.”

ఆమెకు అర్థం కాలేదు. డేవిడ్ గోల్ దగ్గరనుంచే విడమరిచి చెప్పాడు. “మా కోచ్ పైనుండమన్నాడు మేడమ్, వాడు తిరుమలలో ఉండాడు. ఈ ఆఫ్‌సైడ్ పట్టాలంటే రెఫరీ ఘాట్ రోడ్డు ఎక్కాల.”

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. భుజాలు కదులుతూనే ఉన్నాయి. సెలెక్టర్లలో ఒకాయనకూ వినపడినట్టుంది, పక్కాయన చెవిలో ఊది ఇద్దరూ నవ్వుకున్నారు. హాఫ్ టైమ్ కాగానే లేచారు. చంద్రగిరిలో ఇంకో మ్యాచ్ చూడాలట. నేను వెంటపడ్డాను.

“సార్, ఒక్క పది నిమిషాలు. మా ఫార్వర్డ్ దిగతా ఉండాడు.”

“దిగినాక చెప్పప్పా,” అని కారెక్కారు.

మురళి రెండో సగం మధ్యలో వచ్చాడు. బస్టాండు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. జెర్సీ మీద పైచొక్కా ఉంది, దాని జేబులో టోపీల ధర చీటీలు ఇంకా ఉన్నాయి. చొక్కా విప్పి నా చేతిలో పెట్టి లోపలికి పోయాడు. ఇద్దరిని దాటుకుని, బంతిని గోల్‌కీపర్ తల మీదుగా నింపాదిగా లోపల వేశాడు. ఆ మేడమ్ కూడా చప్పట్లు కొట్టింది. చూడాల్సినవాళ్ళ కుర్చీలు మాత్రం ఖాళీగా ఉన్నాయి.

మ్యాచ్ అయ్యాక వాడి పక్కన కూర్చున్నాను. చొక్కా మడిచి వాడి చేతికిచ్చాను. 

“కోపమేం లేదన్నా,” అన్నాడు వాడే. “ప్రాక్టీసుకు రాలేదని నన్ను కూర్చోబెట్టినావు అనుకున్నా.”

“ఒక్క మాట అడగొచ్చు కదరా? ఎందుకని ఒక్క మాట అడిగి ఉంటే...”

“అడిగితే నువ్వు స్పీచ్ ఇస్తావు గదన్నా.”

లేస్ విప్పుకుంటూ మామూలుగానే అన్నాడు.   అప్పజెప్పించుకునే ఆ మేడమ్‌ను చూసి ఎల్‌కేజీ అన్నది నేనే. ఆమె చేస్తున్నది పాఠం కాదు, తన మాట ఎదుటివాడి తలలోకి ఏ ఆకారంలో పోయిందో చూసుకోవడం. నా పుస్తకాల్లో ఆ సంగతి ఉందో లేదో తెలియదు. ఉన్నా నేను ఆ పేజీ దాటేసి ఫార్మేషన్లకు పోయి ఉంటాను. అది నేర్చుకోవాలంటే ఏళ్ళ తరబడి పిల్లలతో మైదానంలో నిలబడాలి. ఎవరో ఒకరు నేర్పాలి, పరీక్ష పెట్టాలి, లైసెన్సు ఇవ్వాలి. నేను మొదటినుంచీ అరుస్తున్నదీ అదే కదా?

అందుకే సోమవారం పొద్దున మళ్ళీ లాడ్జికి పోయాను. ప్రెసిడెంటు గారికి కథ ముందే చేరింది. నన్ను చూడగానే, “రాప్పా, పైన రూము కావాల్నా, కింద కావాల్నా?” అన్నాడు. లాడ్జి మొత్తం నవ్వింది.

“మురళికి మళ్ళీ సెలెక్షన్ పెట్టించాలి సార్. సెలెక్టర్లతో మీరు మాట్లాడాలి.”

“నేనెందుకు మాట్లాడాల? కోచ్ నువ్వు. పిల్లోణ్ణి పైన కూర్చోబెట్టింది నువ్వు. నన్నేంది అడిగేది?”

“అవును సార్, నేనే కూర్చోబెట్టాను. నాలాంటివాణ్ణి కోచ్ చేస్తే ఏమవుతుందో ఊరంతా చూసింది. ఆ విజిల్ నా ముందు పెట్టింది ఎవరు? మీరు మాట నిలబెట్టుకుని ఉంటే మురళి ఆ రోజు గ్రౌండులో ఉండేవాడు, నేను గ్యాలరీలో కూర్చుని అరిచేవాణ్ణి. అరవడం నాకు బాగా వచ్చు.”

“అయితే ఇప్పుడు ఏమంటావు?”

“నన్ను తీసేయండి.”

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. “అందరూ పదవి కావాలని ధర్నా చేస్తారు. నువ్వేందప్పా, తీసేయమని చేస్తావా?”

చేస్తాను. కొత్త చార్టు రాసి పాతదాని పక్కనే అంటించాను. దాని మీద నినాదం లేదు. మురళికి సెలెక్టర్ల ముందు ఇంకొక్క అవకాశం ఇప్పించాలి, మా టీముకు లైసెన్సు ఉన్న కోచ్‌ను తేవాలి, అసమర్థుడైన ప్రస్తుత కోచ్‌ను వెంటనే తొలగించాలి అని ఉంది. కింద మొదటి సంతకం ఆ ప్రస్తుత కోచ్‌దే. రెండోది డేవిడ్‌ది, మూడోది మురళిది. అడగకముందే ఇద్దరూ పెన్ను లాక్కున్నారు, ముఖ్యంగా ఆ చివరి డిమాండ్ చదివాక. ప్రెసిడెంటు గారూ, జవాబు ఈ నెల ఇరవై ఐదో తేదీలోగా కావాలి.