మధ్యాహ్నం అతనికి ఆకలి ఉండేది కాదు

స్వతంత్రం వచ్చిన ఏడు నేను నూజివీడులో టీచరు ట్రైనింగులో చేరాను. హాస్టల్లో ముప్పైమందిమి ఉండేవాళ్లం. అంతకుముందు కులానికో మూల కూర్చుని తినేవారట. కొత్తగా వచ్చిన హెడ్మాస్టరుగారు, ఇక మీదట ఒకే వంట, ఒకే పంక్తి అన్నారు. ఇద్దరు ముగ్గురు అలిగి బయట గదులు తీసుకున్నారు. నేను మాత్రం ఆయన తరఫున అందరితోనూ గొంతు చించుకుని వాదించాను. అందుకేనేమో నన్ను మెస్సు సెక్రటరీని చేశారు.

పదవి రాగానే ఊరుకుంటానా? మా వంటాయన రోజూ మధ్యాహ్నం వంటింట్లో దేవుడి పటం ముందు ఇంత అన్నం పెట్టి దణ్ణం పెట్టుకునేవాడు. అంత చాటుగా ఎందుకు, వండిందంతా భోజనాల హాల్లోకి తెచ్చి అక్కడే నైవేద్యం పెడదాం, అందరికీ సమానంగా ప్రసాదం దక్కుతుంది అన్నాను. వంటాయన పొంగిపోయాడు. ఎవరినీ వేరుగా చూడలేదని నేనూ పొంగిపోయాను.

మాలో క్రైస్తవుడు ఒక్కడే. ముసునూరు దగ్గర మామిడి తోటల్లో కూలికి వెళ్లే తల్లి ఒంటిచేత్తో అతన్ని అంతదాకా చదివించింది. ఇద్దరిదీ ఒకే వయసైనా నేను అతన్ని నువ్వనేవాణ్ణి, అతను నన్ను మీరనేవాడు. హాల్లో నైవేద్యం మొదలైన రోజు నుంచి అతను మధ్యాహ్నం భోజనానికి రావడం మానేశాడు. అడిగితే "ఆకలిగా లేదండి" అనేవాడు. రాత్రి వంటకి నైవేద్యం లేదు. అప్పుడు మాత్రం వచ్చి మూడు మార్లు అన్నం పెట్టించుకునేవాడు.

నాకు ఒళ్లు మండిపోయేది. ఇతగాడి కోసమేగా ఇంతమందితో తగువు పడ్డాను, కలిసి కూర్చోమంటే ఇంత బెట్టా అనుకునేవాణ్ణి. నా నోరు మంచిది కాదు. "ఏంటోయ్, నీ ఆకలికి పగలు కళ్లు కనపడవా?" అని పదిమందిలో అనేవాణ్ణి. అందరూ నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. నాలుగు నెలలు ఇలాగే గడిచాయి.

ఎండలు ముదురుతుండగా చివరి పరీక్షలు వచ్చాయి. ఇన్స్పెక్టరు ఎదుట పిల్లలకి పాఠం చెప్పి చూపించాలి. అది తప్పితే సర్టిఫికెట్టు లేదు, ఉద్యోగమూ లేదు. ఇంకా వారం ఉందనగా అతను సాధన పాఠం చెబుతూ బోర్డు దగ్గరే కళ్లు తిరిగి పడిపోయాడు. డాక్టరు చూసి తిండి చాలడం లేదన్నాడు. ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్లిపోయాడు. ఇక రానని హెడ్మాస్టరుగారికి ఒక కాగితం ముక్క రాసిపెట్టాడు.

ఆయన నన్ను పిలిపించారు. "నీ మెస్సులో ఒక మనిషి పస్తులుంటే నువ్వేం చేస్తున్నావయ్యా?"

"అడిగానండీ. ఆకలి లేదన్నాడు."

"నమ్మావా?"

నమ్మలేదు. ఆ మాట ఆయనతో చెప్పలేక అక్కణ్ణించి వంటాయన దగ్గరికి వెళ్లి ఆయన మీద ఎగిరాను.

"నా మీద కేకలెందుకు బాబూ," అన్నాడాయన. "దేవుడి ముందు పెట్టిన అన్నం వాళ్లు తినకూడదట. వాళ్ల బైబిల్లో ఉందట. మొదటి రోజే చెప్పాడు. మీతో మాత్రం అనొద్దన్నాడు, మీరు చిన్నబుచ్చుకుంటారని."

నైవేద్యానికి ముందే అతనికి కాస్త తీసి ఉంచితే పోలేదా అన్నాను. "అంటే దేవుడికి ఎంగిలి పెట్టమంటారా?" అన్నాడు. ముందు పెడితే ఈయన ఒప్పుకోడు, తర్వాత పెడితే అతను తినడు. నేను తల పట్టుకుని పీట మీద కూలబడ్డాను. కాసేపటికి ఆయనే, "దేవుడికి చిన్న గిన్నెలో గుప్పెడు బియ్యం విడిగా వండుతాలెండి. పెద్ద గుండిగ నైవేద్యానికి హాల్లోకి తేను. ఆ దేవుడు ఎంత తింటాడు గనక," అన్నాడు. ఇంతే సంగతి. మొదట్లో నేను వేలు పెట్టకపోతే ఆ గుండిగ వంటింట్లోనే ఉండేది.

మర్నాడు పొద్దున్నే సైకిలెక్కాను. ముసునూరు దాటి, అడుగుతూ అడుగుతూ, ఊరి చివర పేటలో వాళ్ల పాక చేరేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. నన్ను చూసి అతను లేచి నిలబడ్డాడు. చిన్న గిన్నె సంగతి చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను.

ఇంతలో వాళ్లమ్మ పళ్లెంలో అన్నం, మామిడికాయ పప్పు తెచ్చి నా ముందు పెట్టింది. కళ్లు మూసుకుని, ప్రభువుకి స్తోత్రం చెప్పుకుని, "తినండి బాబూ, ఎండనపడి వచ్చారు," అంది.

కడుపు నకనకలాడుతోంది. పప్పు వాసన ముక్కుకి తగులుతోంది. మా వాళ్లు ఆ పేటలో మంచినీళ్లు కూడా పుచ్చుకోరు. హాస్టల్లో అందరం ఒకే పంక్తిలో కూర్చున్నా, వండింది పై కులపు వంటాయనే. ఆ సంగతి నాకు అప్పుడు తట్టింది. చెయ్యి లేవలేదు.

"ఆకలిగా లేదమ్మా," అన్నాను.

అనేశాక ఆ మాట నా చెవినే పడింది. అతని మొహం చూడలేకపోయాను. పేటంతా వినేలా నన్ను కడిగి పారేయొచ్చు. నేనైతే అదే చేసేవాణ్ణి.

"బలవంతం చెయ్యకమ్మా. ఆయనకి ఆకలిగా లేదంట," అన్నాడు మామూలుగా.

ఆమె పళ్లెం తీసేసి, బుట్టలోంచి ఒక పచ్చి మామిడికాయ నా చేతికిచ్చింది. చెట్టు కాయకి అంటు లేదు కాబట్టి అది తిన్నాను. సిగ్గుతో చచ్చిపోతూ తిన్నాను.

అయినా అతను వచ్చాడు. పెట్టె సైకిలు వెనక కట్టుకుని ఇద్దరం తిరిగి వచ్చాం. మర్నాడు మధ్యాహ్నం నా పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు. పాఠం బాగా చెప్పాడు. చాట్రాయి దగ్గర ఉద్యోగం వచ్చింది.

ఏడాది తర్వాత నన్ను తన పెళ్లికి పిలిచాడు. మా ఇంట్లో చెప్పే వెళ్లాను, తిట్లు తినే వెళ్లాను. పేటలో పందిరి వేసి బంతి పెట్టారు. వాళ్లమ్మే వడ్డిస్తోంది. నా విస్తరి ముందుకి వచ్చి, గరిట ఎత్తి పట్టుకుని ఆగింది. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది.

"ఇయ్యాల ఆకలిగా ఉందా బాబూ?"

"ఉందమ్మా," అన్నాను. మూడు మార్లు పెట్టించుకున్నాను.