ట్యాంకు కోసి చూపించమన్నాను

మూడేళ్ళు కావస్తున్నా ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశమూ లేదు.

నాయుడుపేట దగ్గరి షెడ్డులో మేము రాకెట్ ఇంధనానికి తేలికపాటి ట్యాంకులు చేసేవాళ్ళం. పైన కార్బన్ నారతో చుట్టిన పెంకు, లోపల పల్చటి ప్లాస్టిక్ పొర. అతి చల్లని ద్రవం పెంకులోంచి కారిపోకుండా ఆపేది ఆ పొరే. దాన్ని లైనర్ అంటాం. లైనర్ ముక్కలను వేడితో అతికించే పని నాది. అంతకుముందు పదేళ్ళు కృష్ణపట్నం వైపు రొయ్యల గుంటల్లో ప్లాస్టిక్ షీట్లు పరిచి అతికించాను.

గుంటలో మధ్యాహ్నం పూట షీటును బిగించి పరచం. ఎండకు సాగినది తెల్లవారేసరికి ముడుచుకుంటుంది. మూలల్లో కాస్త వదులు ఉంచకపోతే చిరుగుతుంది. ట్యాంకు మెడ దగ్గర కూడా అలాగే ఉంచుదామని మా షెడ్డు ఇంజనీరుకు చెప్పాను. చలికి ప్లాస్టిక్ ముడుచుకున్నంతగా పెంకు ముడుచుకోదు కదా.

టీ వేళ, అందరి ముందూ నవ్వాడు. "ఇది రొయ్యల గుంట కాదన్నా. ముడతలు కనపడితే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? ఇస్త్రీ చొక్కా మాదిరి ఉండాల." మిగతావాళ్ళూ నవ్వారు.

లైనర్‌ను బిగువుగా లాగించి పెంకుకు అంటించాడు. ద్రవ నైట్రోజన్ నింపి పరీక్షిస్తే ట్యాంకు కారింది. రిపోర్టులో "అతుకు లోపం" అని రాశాడు. అంటే నా చేతి లోపం. కింద నన్ను సంతకం పెట్టమన్నాడు.

"ట్యాంకు కోసి చూపించండి సార్, పెడతా."

"ఒక సంతకం కోసం ట్యాంకు కోస్తారా అన్నా?"

"నా పని బాగలేదని రాసినారు గదా. చూపించండి."

అతుకుల పని నా దగ్గర్నుంచి తీసేసి, నన్ను డబ్బాలు సర్దే చోట వేశాడు. అయినా ప్రతి ఉదయం అతని బల్ల ముందు నిలబడి అదే అడిగాను. కొన్ని వారాలకు విసుగెత్తి కోయించాడు. నా అతుకులు ఎక్కడా విడలేదు. మెడ వంపులో, గట్టిగా లాగిన చోట, అతుకుకు జానెడు దూరంలో పొర చీలి ఉంది.

"సరేలే అన్నా, ఆ లైను కొట్టేస్తా."

"కొట్టేస్తే చాలదు సార్. ఎందుకు చీలిందో రాయండి. టీ వేళ అందరి ముందూ చదవండి."

రాశాడు, చదివాడు. "మెడ దగ్గర లైనర్‌ను బిగించడం వల్ల" అన్నచోట గొంతు తగ్గించాడు. అక్కడినుంచి మళ్ళీ చదవమన్నాను. ఈసారి బయట లారీ దింపుతున్నవాళ్ళకు కూడా వినిపించింది.

అప్పుడు పెన్ను అడిగి తీసుకుని సంతకం పెట్టాను, కాస్త పెద్ద అక్షరాలతోనే.