నాన్న కట్టిన ముడులు

గోదావరి పొంగుతోందని తెలియగానే ఫరంపేటలోని మా ఇంట్లో అందరికన్నా ముందు అటకెక్కేది నాన్న ఆంప్లిఫయర్. ఆయన పోయాక ఆ పని నాదైంది. మొన్నటి వరదకు పెట్టెను, క్యాసెట్ డెక్‌ను, స్పీకర్లను ఎక్కించి వైర్లు కిందే వదిలేశాను. నీళ్లు తీశాక చూస్తే, వాటి కొసలకు ఆయన కట్టిన వలదారం ముడులు బురద పట్టి కంపు కొడుతున్నాయి. ఒక ముడి క్యాసెట్ డెక్‌ది, రెండు ముడులు ఎడమ స్పీకర్‌వి, మూడు కుడిదానివి. జీవితమంతా వలలు అల్లిన మనిషి గుర్తులవి. తెలిసీ కత్తెరతో కోసిపారేశాను. నా తొందర తగలెయ్య!

ఆ వారమే కాకినాడ డాక్టరు, అమ్మకు ఎడమ చెవి పోయిందని, కుడిదీ ఎన్నాళ్లో ఉండదని, మిషను పెట్టినా లాభం లేదని చెప్పాడు. ఇంటికొచ్చి అమ్మ ఒక్కటే అడిగింది.

"మీ నాన్న క్యాసెట్టు ఒక్కసారి పెట్టవే."

ఉన్నది ఒక్కటే క్యాసెట్. ఆంప్లిఫయర్ కొన్నరోజున ఎలా పనిచేస్తుందో చూడ్డానికి ఆయన రికార్డు చేసుకున్నది.

డెక్ వైరు పెట్టె వెనక టేప్ అవుట్ అని రాసున్న రంధ్రంలో గుచ్చాను. చప్పుడే లేదు. అది శబ్దాన్ని బయటికి పంపేదట, లోపలికి తీసుకునేది కాదట. ఫోనోలో పెడితే ఒకటే గర్జన. గ్రామఫోన్ రికార్డు సన్నటి శబ్దాన్ని పెంచడానికి ఉన్నదది, డెక్‌ను భరించలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు తీశాను పెట్టెతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం. పెట్టె అమ్మిన షాపాయనకు ఫోన్ చేస్తే, ఆయ్, ముడులు చూసి పెట్టెయ్యండి, మీ నాన్నగారు అలాగే పెట్టేవారు కదండీ అన్నాడు. ఏడుపొచ్చింది. ఈలోగా అమ్మతో మాట్లాడాలంటే రోజురోజుకీ గొంతు పెంచాల్సి వస్తోంది.

తొమ్మిదోరోజుకు లైన్ ఇన్‌లో పెట్టాలని తేలింది. చిక్కుపడిన టేపు సర్దేలోగా పచ్చలైటు ఎర్రబడి పెట్టె నిద్రపోయింది. వెనక మీట ఆటోలో ఉంది. కాసేపు శబ్దం లోపలికి రాకపోతే దానికదే ఆగిపోతుంది, కరెంటు ఆదాకట. తిట్టుకుంటూ ఆన్‌లోకి తోశాను.

అమ్మను స్పీకర్ పక్కన కూర్చోబెట్టి వాల్యూమ్ మొత్తం తిప్పాను. నాన్న గొంతు ఇల్లంతా నిండింది.

"ఏమే, వినపడతందా?"

క్యాసెట్‌లోనే, వంటింట్లోంచి అమ్మ అప్పటి గొంతు వినపడతందని బదులిచ్చింది.

కుర్చీలో ఉన్న అమ్మ నా మొహమే చూస్తోంది. ఇంకా పెట్టలేదా అని అడిగింది.

ఎదురుగా కూలబడి, పెదాలు కనిపించేలా ఒక్కో మాటా విడదీసి చెప్పాను. నాన్న అడుగుతున్నారమ్మా, వినపడతందా అని.

అమ్మ స్పీకర్ వైపు తిరిగింది.

"వినపడతందని చెప్పు."