బాపు నెత్తుట్లో తక్కువేంది?

విమానాశ్రయం కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో శంషాబాద్‌లో అందరూ ప్లాట్ల గురించి మాట్లాడుకుంటుంటే, మేము తాతల గురించి మాట్లాడుకునేవాళ్లం. మాకు మిగిలింది వాళ్లే. ఒకప్పటి దొరల ఇల్లు మాది. నా వాటాకు వచ్చేసరికి ఇంటిపేరూ, వంగని నడుమూ మాత్రం దక్కాయి. ఆ నడుముతోనే విమానాశ్రయం దారిలోని ఒక హోటల్ రిసెప్షన్‌లో నిలబడేవాణ్ణి. (వచ్చినవాళ్లు నన్ను యజమాని అనుకుని, గది కావాలని పక్కవాణ్ణి అడిగేవారు. నేను సరిదిద్దేవాణ్ణి కాదు.)

అప్పుడే బాపుకు నెత్తురు క్యాన్సర్ అని తేలింది. నిదానంగా నడిచే రకమే గానీ, ఇట్లాగే నిదానంగా ఉంటుందా, ఉరుకుతుందా అన్నది తెలిస్తే తప్ప మందుల సంగతి చెప్పలేమన్నాడు డాక్టరు. మిగతా పరీక్షలతో పాటు, కొత్త రక్తనాళాలు పెరిగేలా చేసే ఒక ప్రొటీన్ నెత్తుట్లో ఎంతుందో కూడా చూస్తామన్నాడు. దాన్నిబట్టి జబ్బు తీరు కొంత అంచనాకు వస్తుందట. ఎట్లా వస్తుందో కూడా వివరించాడు గానీ, నా ధ్యాసంతా కుర్చీలో వెనక్కి ఆనకుండా కూర్చోవడం మీదే ఉంది. అర్థం కాలేదని అడిగే అలవాటు మా ఇంట్లో లేదు.

ఫలితాలు వచ్చిన రోజు, క్యాబ్ నడిపే మా అక్క మొగుడు మమ్మల్ని దవాఖానకు తీసుకెళ్లాడు. బాపు ఇస్త్రీ ధోవతి కట్టి, దారంతా సీటుకు ఆనకుండా నిటారుగా కూర్చున్నాడు. డాక్టరు కాగితాలు తిరగేసి, "ఆ ప్రొటీన్ మీ నాన్నగారికి చాలా తక్కువగా ఉందండీ" అన్నాడు.

నాలో తాతలందరూ ఒక్కసారిగా లేచారు. (విస్తట్లో ముక్క తక్కువ పడిందని పెళ్లి పంక్తిలోంచి లేచొచ్చిన వంశం మాది.) "తక్కువేంది సార్? మా ఇంట్ల ఎవ్వరికీ ఏదీ తక్కువుండదు. ఇంకోపారి చెయ్యిండ్రి" అన్నాను. బాపు కూడా మీసం సవరించుకుని, "అవును, జర మంచిగ చూడుండ్రి" అన్నాడు.

డాక్టరు కళ్లజోడు తీసి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఎక్కువ కావాలా బాబూ మీకు? ఎక్కువ ఉన్నవాళ్లలోనే జబ్బు త్వరగా ముదిరే అవకాశం. అదొక్కటే చూసి తేల్చం గానీ, మిగతావీ బాగానే ఉన్నాయి. ఇప్పటికి మందులు వద్దు."

బాపు మీసం మీంచి చెయ్యి తీసి, ఊరికి ఏదో మాఫీ చేస్తున్నంత హుందాగా చెప్పాడు: "గట్లనా? ఇగ తక్కువనే ఉండనీయుండ్రి. ఈ ఒక్కపారికి సర్దుకుంటం."

క్యాబ్‌లో సంగతంతా విన్న బావ ఊరుకుంటాడా? "మామా, మీ ఇంట్ల తక్కువకు సంబురపడుడు ఇదే మొదలు గదా!"

"బండి నడుపు," అన్నాడు బాపు. మైలార్‌దేవ్‌పల్లి దాటేసరికి సీటుకు ఆనుకుని నిద్రపోయాడు. ఆయన దేనికైనా ఆనుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

నాకు ఆ విద్య పట్టుబడటానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు ఏ డాక్టరు ముందు కూర్చున్నా హాయిగా వెనక్కి వాలి, అర్థం కానిదల్లా అడుగుతాను. ఆ రోజు కుర్చీ అంచున బిగుసుకుని కూర్చున్న పిల్లదొర గుర్తొస్తే నవ్వొస్తుంది. వెళ్లి వాడి నడుము వెనక ఒక దిండు పెట్టి రావాలనిపిస్తుంది.