తాళం వేసే ముందు ప్రశ్న

ఆ ఏడు తిరుపతిలో చికున్‌గున్యా జ్వరం తొక్కని గడప లేదు. జ్వరం నాలుగు రోజుల్లో పోయేది, కీళ్లనొప్పులు మాత్రం నెలలకొద్దీ తిష్ఠ వేసేవి. పాతికేళ్లవాళ్లు కూడా గోడ పట్టుకుని నడిచారు. మా ఆఫీసులో పదిమందిమి. అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పి పంపిన మాటలు విని టైపు చేసే పని. కంప్యూటర్లు, వాటి పాస్‌వర్డ్ తాళాలు చూసేది నేను. వారం తిరిగేసరికి ఆరు కుర్చీలు ఖాళీ.

"మనుషులు రాలేకపోతే పనే మనుషుల దగ్గరికి పోవాల," అన్నాడు మేనేజరు. చెప్పడం ఆయన వంతు, మోయడం నా వంతు. ఆటోలో కంప్యూటర్లు ఇంటింటికీ దించాను. ఫ్లాపీ పెట్టే చోట కాగితం అంటించి లక్కముద్ర వేశాను. ఫోను తీగ మీదే పని వచ్చేది, పోయేది. ఒక్క రోగి సంగతి పరాయి కంట పడిందని తెలిస్తే అమెరికా వాళ్లు పని ఆపేస్తారు, పదిమందిమీ రోడ్డున పడతాం. అందుకే రోజూ పొద్దున ఫోన్ చేసి, అవతల ఉన్నది మా మనిషేనని తేల్చుకున్నాకే ఆ రోజు పాస్‌వర్డ్ చెప్పాలి.

ఎలా తేల్చుకోవడం? పుట్టినరోజు అడిగితే ఇంట్లో ఎవరైనా చెప్తారు. నాకు మా మధ్యాహ్నం భోజనాలు గుర్తొచ్చాయి. ఒకే టేబుల్, పది డబ్బాలు, ఒకరి డబ్బాలో ఇంకొకరి చెయ్యి. అక్కడ జరిగింది అక్కడున్నవాళ్లకే తెలుసు. పులగూరలో ఉప్పు మరిచిందెవరు? ఊరిబిండి పచ్చడి ఒళ్లో ఒంపుకున్నదెవరు? వారానికి సరిపడా ప్రశ్నలు ఆదివారమే నోటుబుక్కులో రాసి, మేనేజరు చేత సంతకం పెట్టించేదాన్ని. జవాబు రాసుకోకుండా ఎవరి తాళమూ తీయకూడదు, వేయకూడదు. రూలు నాదే. నా తెలివికి నేనే తెగ మురిసిపోయాను, ఖర్మ!

దోమల వల్లే వస్తుందని డాక్టర్లు చెప్పినా, మిగిలిన నలుగురం అంటుకుంటుందేమోనన్న భయంతో ఎవరి సీట్లో వాళ్లం తినేవాళ్లం. ఆ టేబుల్ మీద ఎంత బెంగగా ఉండేదో చెప్పలేను.

అన్నిటికంటే మా ఆఫీసులోని నగరి ఊరి అక్కకు చేసే ఫోన్ కోసం ఎదురుచూసేదాన్ని. నాకు పని నేర్పింది ఆమే. మగ్గాల మీద రాబడి పడిపోయాక వాళ్లింటికి ఆమె జీతమే ఆధారం. జ్వరం తగిలి నగరిలో పుట్టింటికి వెళ్లిపోయింది, కంప్యూటరు అక్కడికే చేర్చాను. ఫోన్లో ఆమె గొంతు వెనక మరమగ్గం టకటకలాడుతుండేది.

"అన్నం తింటివా మే?" అనేది నా ప్రశ్నకు ముందే.

"ముందు జవాబు చెప్పక్కా. పులగూరలో ఉప్పు మరిచిందెవరు?"

"అబ్బో, పోలీసమ్మ! నువ్వే గదా. మళ్లా అడగతావు, సిగ్గు లేకుండా."

ఒక బుధవారం ఆమె తొందరపెట్టింది. "బిన్నా చెప్పు మే. రిసీవరు మా చెల్లెలు పట్టుకోనుండాది, దానికి చెయ్యి నొస్తా ఉండాది. నాకు లోటా పట్టుకునేదానికి కూడా కావడం లేదు."

నవ్వేసి, జవాబు రాసుకుని పాస్‌వర్డ్ చెప్పాను. సాయంత్రం చూస్తే ఆమె నుంచి తొమ్మిది ఫైళ్లు వచ్చి ఉన్నాయి. లోటా పట్టలేని చేతులు తొమ్మిది ఫైళ్లు ఎలా కొట్టాయి?

గురువారం పొద్దున, నోటుబుక్కు తెరవకుండానే అడిగేశాను. ఆమె అబద్ధమాడలేదు.

"చెల్లెలు కొడతా ఉండాది మే. నేను విని చెప్తా ఉండా. వేళ్లు వంగితే గదా! జీతం నిలిచిపోతే ఇల్లెట్ల జరిగేది?"

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా!" అని అరిచాను.

"చెప్పింటే నువ్వూ ఇరుక్కునేదానివి గదా."

ఫోన్ పెట్టేసి మేనేజరుకు చెప్పాను. చెప్పకపోతే కంచే చేను మేసినట్టు. ఆమె కోలుకునేదాకా పని ఆపితే చాలదా, ఉద్యోగం తీసేయొద్దని బతిమాలాను.

"రూలు నువ్వు రాసిందే గదమ్మా. ఆమె తాళం ఇప్పుడే మూసెయ్," అన్నాడు. అని, నా పక్కనే నిలబడ్డాడు.

మూయాలన్నా ముందు జవాబు రాసుకోవాలి. అక్కకు మళ్లీ ఫోన్ చేశాను. నోటుబుక్కు తెరిచాను. గురువారం, ఆమె పేరు ఎదురుగా, ఆమెను నవ్వించాలని ఆదివారం నేను రాసుకున్న ప్రశ్న.

"నేను చేరిన రోజు డబ్బా తెచ్చుకోలేదు. నాకు తన అన్నంలో సగం పెట్టిందెవరు?"

"నేనే మే," అంది. తర్వాత మెల్లగా అడిగింది. "తింటివా?"

జవాబు సరి అని రాసి, టైము వేసి, ఆమె తాళం మూశాను. ఫోన్ కూడా పెట్టేశాను.

ఆమె కంప్యూటరు ఆటోలో తిరిగొచ్చింది. లక్కముద్ర చెక్కుచెదరలేదు. నెల తర్వాత మిగతావాళ్లంతా వచ్చారు, టేబుల్ మీద తొమ్మిది డబ్బాలు. ఆ తర్వాత సిగ్గు చంపుకుని ఎన్నిసార్లు ఫోన్ చేశానో, ఒక్కసారీ ఎవరూ ఎత్తలేదు. కొన్నాళ్లకు ఆ నంబరే లేకుండా పోయింది. ఆ గొంతు ఒక్కసారి వినబడితే చాలు నాకు. అన్ని రోజులు ఆమెతో జవాబులు చెప్పించుకున్నాను. ఆమె అడిగిన ఆ ఒక్కదానికి నేను జవాబు చెప్పలేదు.