చివరి గదిలో పోసిన పాలు

బెంగళూరుకు దగ్గర్లో, శిడ్లఘట్టలో మా పట్టు షెడ్డు వెనక ఒక తొట్టి ఉంది. ఇంటికి ఎవరొచ్చినా మా అత్త ముందు ఆ తొట్టిని చూపిస్తుంది, తర్వాతే మంచినీళ్ళిస్తుంది. దేవుడి గది కట్టించినప్పుడు కూడా ఆమె అంత మురిసిపోలేదు.

ఆ తొట్టి కట్టమన్నది ప్రభుత్వం. దారం తియ్యడానికి పట్టుగూళ్ళు ఉడకబెట్టిన నీళ్ళు మా షెడ్డు నుంచి ఊరి కాలువలోకి, కాలువ నుంచి చెరువులోకి పోతాయి. ఆ నీళ్ళను తేర్చి శుభ్రం చేసి వదిలితేనే షెడ్డు నడుపుకోనిస్తామని చిక్కబళ్ళాపురం ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆ అనుమతిని మా వీధిలో అందరూ కన్సెంటు అంటారు. కన్సెంటు లేకపోతే షెడ్డుకు తాళం. మామ పోయిన తర్వాత అత్త ఒక్కతే నిలబెట్టిన షెడ్డు అది. మా ముగ్గురి తిండీ, పనికొచ్చే ఆడవాళ్ళ తిండీ అందులోనే ఉంది.

నేను చింతామణిలో బట్టల కొట్టువాళ్ళ ఇంట పుట్టాను. పెళ్ళయి వచ్చిన కొత్తలో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోకుండా షెడ్డు వెనక్కి పోయేదాన్ని కాదు. గూడుతో పాటు లోపలి పురుగూ ఉడుకుతుంది కదా. ఆ నీళ్ళు చూడటానికి టీ లాగే ఉంటాయి, వాసన మాత్రం పగవాళ్ళకు కూడా వద్దు. కాబట్టి తొట్టి కట్టమన్న కాగితం చూసి నాకు లోలోపల పండగే అయింది. అత్తకు మాత్రం ఒళ్ళు మండింది.

"బెంగళూరోళ్ళు వాడి వదిలిన నీళ్ళు కడిగి మన చెరువుకు పంపిస్తాండారు. దానికి మేళతాళాలు. మన గూళ్ళ నీళ్ళకు మాత్రం నోటీసా?" అంది.

ఆమె మాటలో న్యాయముంది. నా ముక్కు మాటలోనూ న్యాయముంది. చివరికి నా ముక్కే గెలిచింది.

తొట్టిలో మూడు గదులు కట్టారు. మొదటి గదిలో మడ్డి అడుక్కు దిగుతుంది. రెండో గదిలో కంకర, ఇసుక, బొగ్గు. వాటిని దాటుకుని నీళ్ళు మూడో గదిలోకి తేటగా వచ్చి, అక్కణ్ణుంచి కాలువలోకి పోతాయి. మొదటిసారి ఆ మూడో గదిలో అడుగున ఉన్న గచ్చు కనిపించినప్పుడు అత్త చాలాసేపు గట్టు మీదే నిలబడిపోయింది. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ పనిలోనే ఉన్న మనిషి, గూళ్ళ నీళ్ళకు అడుగుంటుందని అప్పుడే చూసింది.

"చూడమ్మా, ఎంత అందంగా ఉండాదో" అంది నాతో. ఆ క్షణంలో ఆమె అంటే నాకు చాలా ఇష్టం కలిగింది. ఆ ఇష్టం శుక్రవారం దాకా నిలిచింది.

శనివారం పొద్దున ఆఫీసు నుంచి అధికారి వచ్చి నీళ్ళు సీసాలో పట్టుకుపోతాడని కబురొచ్చింది. మంచి రిపోర్టు వస్తే కన్సెంటు. అంత ముఖ్యమైన పని పూజ లేకుండా ఎట్లా జరుగుతుంది? శుక్రవారం సాయంత్రం గంగపూజ పెట్టింది అత్త. బాగేపల్లి నుంచి ఆమె చెల్లెలు, మా చిన్నత్త, బస్సులో పాలక్యానుతో దిగింది. ఆవు కొత్తగా ఈనిందట. దారంతా క్యాను సీట్లో కూర్చుందట, ఈమె దాన్ని పట్టుకుని నిలబడిందట. కండక్టరు క్యానుకు టికెట్టు అడిగితే, "గంగమ్మ పాలకు టికెట్టేందప్పా?" అని నోరు మూయించిందట.

పాలు మొదటి గదిలో పొయ్యడానికి చిన్నత్త క్యాను ఎత్తింది. అత్త చెయ్యి పట్టుకుని ఆపింది.

"కుళ్ళు నీళ్ళల్లో పాలు పోస్తారా యాడైనా? శుభ్రంగా ఉండే గది అదో."

అట్లా క్యాను మొత్తం మూడో గదిలోకి వంచారు. పనికొచ్చే ఆడవాళ్ళు ఊరుకుంటారా? తలా ఒక చెంబు పోశారు. తర్వాత కొబ్బరినీళ్ళు, బెల్లం, అరటిపండు ముక్కలు, బంతిపూలు. గంగమ్మకు ఆ రోజు కడుపు నిండింది. నేను హారతి పళ్ళెం పట్టుకుని పక్కనే నిలబడ్డాను. మేమందరం చాలా సంతోషంగా ఉన్నాం.

మర్నాడు అధికారి వచ్చాడు. మాటల్లో చింతామణి వాడేనని తేలింది. మా పుట్టింటి కొట్టు ఉన్న వీధి ఆయనకూ తెలుసు. ఆయనకొక పద్ధతుంది. కుర్చీలో కూర్చుంటే కన్నడం, టీ చేతికొస్తే తెలుగు. మా ఇంట్లో టీతో పాటు శుక్రవారం పొంగలి కూడా మిగిలి ఉంది కాబట్టి తెలుగు ధారాళంగా సాగింది. రెండోసారి పెట్టించుకుని మరీ తిన్నాడు. తర్వాత తొట్టి దగ్గరికొచ్చి, నీళ్ళ మీద తేలుతున్న బంతిపూలను భక్తిగా పక్కకు నెట్టి, సీసా ముంచాడు. ఎత్తి వెలుతురులో చూశాడు.

"కొంచెం తెల్లగా ఉండాదే. సున్నం ఏసినారా?"

మా ఆయన ప్రభుత్వం ఏమడిగినా అవునంటాడు. "అవును సార్" అన్నాడు.

"మంచిదే" అని ఆయన మూత బిగించుకుని పోయాడు.

రిపోర్టు వచ్చింది. తొట్టి లేనప్పుడు ఆఫీసువాళ్ళు ఒకసారి పట్టుకుపోయిన నీళ్ళకంటే తొట్టి కట్టిన తర్వాత పట్టిన నీళ్ళే చెడ్డవని తేలింది. దాంతోపాటు నోటీసు. మళ్ళీ పరీక్ష చేసి బాగుందని తేలేదాకా షెడ్డు నుంచి చుక్క నీళ్ళు బయటికి రాకూడదు, బాయిలరు వెలిగించకూడదు.

ముగ్గురం చిక్కబళ్ళాపురం పరుగెత్తాం. ఆఫీసులో ఆయన కుర్చీలో ఉన్నాడు కాబట్టి కన్నడంలో మొదలుపెట్టాడు. నీళ్ళలో కుళ్ళే పదార్థం ఎంతుందో చూస్తారట. దాన్ని తినడానికి క్రిములు నీళ్ళలోని గాలినంతా పీల్చేస్తే చేపలకు ఊపిరాడదట. మా తొట్టి నీళ్ళలో అది హద్దు దాటిందట. ఇంతకూ అందులో ఏం కలిపారని అడిగాడు.

మా ఆయన నన్ను చూశాడు. నేను గోడను చూశాను. అత్త మాత్రం తల ఎత్తుకుని చెప్పింది.

"మంచివేలే అప్పా. ఆవుపాలు."

ఆయన పెన్ను కింద పెట్టేశాడు. కన్నడం కూడా అక్కడే దిగిపోయింది.

"పాలా? అమ్మా, నీళ్ళను పాలు చెడగొట్టినంతగా మీ పురుగులు కూడా చెడగొట్టవు!"

అత్త ముఖం చూడలేకపోయాను. పసిపిల్లలకు పట్టే పాలు, శివుడికి పోసే పాలు, ఈ రోజు నోటీసుకెక్కాయి. నన్నే అడిగింది, "ఏమంటాండాడే ఈయప్ప? పాలు మురికంటనా?"

తెల్లగా ఉంటే సున్నమనుకున్నది మీరే కదా అని నేను అందామనుకున్నాను. మా ఆయన నా కాలు తొక్కాడు. మళ్ళీ శాంపిలు ఎప్పుడు పడతారంటే, ఈ వారం కుదరదన్నాడు అధికారి. మా చెరువు నిండింది కదా, పెద్ద నాయకుడొచ్చి బాగిన ఇస్తాడు, శాఖలన్నిటికీ అక్కడే డ్యూటీ. బాగిన అంటే నిండిన చెరువుకు చేటలో పసుపు, కుంకుమ, గాజులు, రవికెగుడ్డ పెట్టి నీళ్ళలో వదలడం. మనం ముత్తయిదువకు వాయనమిచ్చినట్టే.

ఇక్కడ మా అసలు కష్టం చెప్పాలి. నోటీసు వస్తుందని తెలియక ముందే సంతలో పచ్చి గూళ్ళు కొని తెచ్చాం. గూళ్ళు ఉల్లిగడ్డలు కావు, మూలన పడేస్తే ఆగవు. ఆలస్యమైతే లోపలి పురుగు రెక్కలు తెచ్చుకుని, గూటికి చిల్లి పెట్టి బయటికొస్తుంది. చిల్లి పడ్డ గూడు నుంచి దారం రాదు. ఆవిరి పట్టి ఆపుదామంటే బాయిలరు వెలిగించకూడదు. ఎండబెడదామంటే ముసురు. మళ్ళీ అమ్ముదామంటే, నోటీసు వచ్చిన ఇంటి గూళ్ళను ఇరుగుపొరుగు ముట్టుకోలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. అత్త రోజూ పొద్దున్నే ఒక గూడు తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడించి వినేది. ఆమెకు ఆ చప్పుడులో ఏం వినిపించేదో గానీ, రోజురోజుకూ తిండి తగ్గించింది. నాకు భయం వేసింది.

బాగిన రోజు ఆమే నన్ను లేపింది. "పోదాం పదమ్మా. ఆయప్ప ఆడే కదా ఉంటాడు."

చెరువు గట్టంతా మామిడాకులు, మైకులు, షామియానా. నీళ్ళ దగ్గర మెట్ల మీద నాయకుడు, ఆయన వెనక అధికారుల వరస. పురోహితుడు మంత్రం చదువుతుంటే చేటల తర్వాత చేటలు నీళ్ళలోకి పోతున్నాయి. గాజులు ప్లాస్టిక్ కవరుతో సహా. తర్వాత పెద్ద వెండి బిందెలో పాలు వచ్చాయి. బిందె బరువుగా ఉంది. నాయకుడు ఒక వైపు పట్టుకున్నాడు. రెండో వైపు పట్టుకోవడానికి ముందుకొచ్చిన భక్తుడెవరో కాదు, మా అధికారే. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటారు, అట్లా ఉంది ఆయన వాలకం.

నేను నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. అత్తకు నవ్వు రాలేదు. ఆమె నిజంగానే కంగారుపడింది.

"అప్పా! పాలు పొయ్యొద్దప్పా!" అని గట్టు మీద నుంచి అరిచింది. "రిపోర్టు చెడిపోతాది! చేపలకు ఊపిరాడదు!"

వేళాకోళం కాదు. ఆయన చెప్పిన పాఠమే ఆయనకు అప్పజెప్పింది. మంత్రం ఆగింది. నాయకుడు తల తిప్పి, ఆ అమ్మ ఏమంటోందని అడిగాడు. అధికారి ముఖం పసుపుకుంకుమల చేట కంటే ఎర్రబడింది. "ఏనూ ఇల్ల సార్" అన్నాడు, ఏమీ లేదని. బిందె వంగింది. పాలన్నీ తెల్లగా చెరువులోకి పోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

జనం చెదరగానే ఆయన తనంతట తానే మా దగ్గరికొచ్చాడు. చేతులు ఇంకా పాలతో జిగటగా ఉన్నాయి. కోప్పడతాడనుకున్నాను. "రేపు పొద్దున వస్తానమ్మా" అని మాత్రం అన్నాడు.

వచ్చాడు. అత్త ముందురోజు నుంచే తొట్టి దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. కాకి వాలితే తోలింది. నా తలలో మల్లెపూలున్నాయని నన్ను కూడా దగ్గరికి రానివ్వలేదు. ఆయన సీసా ముంచుకున్నాడు. ఈసారి పొంగలి లేదు, టీ కూడా దూరంగా షెడ్డు ముందరే ఇచ్చాం.

"ఇంగ గూళ్ళు ఉడకబెట్టుకోవచ్చా అప్పా?" అని అడిగింది అత్త.

"రిపోర్టు రావాల కదమ్మా. ఆ క్రిములు ఎంత తింటాయో కొన్ని దినాలు పెట్టి చూస్తారు. నా చేతిలో లేదు."

క్రిములు ఆ సీసాలో తీరిగ్గా తింటూ కూర్చున్నాయి. మా గూళ్ళలో పురుగులకు అంత తీరిక లేదు. ఒక పొద్దున గూళ్ళ గది తలుపు తీసేసరికి తెల్లటి రెక్కల పురుగులు గూళ్ళ మీద, గోడల మీద, తట్టల అంచుల మీద పాకుతున్నాయి. అత్త గడపలోనే కూర్చుండిపోయింది. ఒక పురుగు ఎక్కి ఆమె చీర మీద కూర్చుంటే తోలను కూడా తోలలేదు. నేను ఏడ్చాను. సిగ్గేముంది, గట్టిగానే ఏడ్చాను.

రిపోర్టు ఆ తర్వాత వచ్చింది. అద్భుతం. మా వీధిలో ఏ షెడ్డు నీళ్ళూ ఇంత శుభ్రంగా లేవట. ఎందుకుంటాయి? పట్టింది మూసిన షెడ్డు నీళ్ళు. ఆఫీసు నుంచి వచ్చిన రోజే పాలనీళ్ళు తోడి కడిగిన తొట్టిలో, ఒక్క గూడు కూడా ఉడకనప్పుడు, వాననీళ్ళు తప్ప ఏముంది? ఈ సంగతి ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు, రిపోర్టులో దానికి గడి లేదు. మా షెడ్డును మాదిరి షెడ్డుగా అందరికీ చూపిస్తామని, కన్సెంటు తానే స్వయంగా తెచ్చి ఇస్తానని అధికారి ఫోన్ చేశాడు.

ఆయన వచ్చే ముందురోజంతా అత్త సూది, దారం పెట్టుకుని వసారాలో కూర్చుంది. మా వైపు పెద్దమనుషులకు పూలదండ కంటే పట్టుగూళ్ళ దండ వేస్తేనే గొప్ప. నాయకుడొచ్చినా, కలెక్టరొచ్చినా అదే. నేను పక్కన కూర్చుని గూళ్ళు అందించాను.  అత్త ప్రతి గూటినీ చిల్లి లోపలి వైపుకు, మెడకు తగిలేటట్టు తిప్పి గుచ్చింది.

ఆయన కన్సెంటు కాగితం ఇచ్చాడు. అత్త రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకుంది. తర్వాత దండ తెచ్చి ఆయన మెడలో వేసింది. ఆయన పొంగిపోయాడు. ఫోన్ మా ఆయన చేతికిచ్చి, తొట్టి కనపడేటట్టు ఫోటో తియ్యమన్నాడు. దండను చేత్తో నిమిరి చూసుకున్నాడు.

"ఎంత బాగుండాదమ్మా! ఇంత మంచి దండ యాడ కొన్నారు?"

"కొనలేదప్పా" అంది అత్త. "ఇవన్నీ నువ్వు రిపోర్టు తెచ్చేదాకా కాచుకోనుండినవే."