మూసిన దారికి టికెట్లు

ఆ పార్కు పేరు రాయను. హైదరాబాదుకు దక్షిణాన నాలుగైదు గంటలు ప్రయాణం చేస్తే మొదలయ్యే గుట్టల్లో ఉన్న అడవి అది. బయలుదేరే ముందు అక్కడి ఆఫీసుకు మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ ఒకే మాట అడిగాను: "వాగు దాకా దిగే దారి తెరిచిండ్రా? నడవనీకి మంచిగున్నదా?" మూడుసార్లూ ఒకే జవాబు: "తెరిచినం మేడమ్, రండి." ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. తరువాత మా గల్లీలో, బడిలో, చివరికి ఆస్పత్రిలో కూడా అందరూ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "కనుక్కోకుండా ఎందుకు పోయినవ్?" అనే. కనుక్కునే వెళ్ళాం.

మేమంటే నేను, మా ఇంటి ఓనరమ్మ. అప్పట్లో నేను సైదాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచర్‌ని. మాది నల్గొండ వైపు పల్లె. మా నాన్న ఊళ్ళో చర్చికి సున్నం వేయడం నుంచి గంట కొట్టడం దాకా అన్ని పనులూ చేసేవాడు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇంటి మేడ మీది గదిలో కిరాయికి ఉండేదాన్ని. కింద ఆవిడ. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం కోసం వచ్చి, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. షుగర్ ఉందని డాక్టరు నడవమంటే, ఒక్కరే నడవడం విసుగని పొద్దున్నే మెట్ల కింద నిలబడి నన్ను పిలిచేవారు. మొదట కాలనీ చుట్టూ తిరిగాం. తరువాత ఆదివారాలు ఎల్బీనగర్ దాటి, జింకల పార్కులో నడిచాం. రెండేళ్ళయ్యాక ఒక రోజు ఆవిడ ఆగి, "ఏమ్మా, ఈ చదును నేల మీద ఎన్నాళ్ళు తిరుగుతాం? ఏదన్నా కొండ ఎక్కుదాం" అన్నారు. అప్పటికి ఆవిడకు అరవై మూడేళ్ళు.

అలా ఆ గుట్టలు మాకు అలవాటయ్యాయి. ఆ అడవిలో ఎప్పుడు పడితే అప్పుడు నడవలేం. వానాకాలమంతా మూసి ఉంచుతారు. అప్పుడు వాగు దారే వాగైపోతుంది, రాళ్ళ మీద పాచి పడుతుంది, మనిషెత్తు గడ్డిలో అడుగు ఎక్కడ పడుతోందో కనపడదు. చలికాలం వెళ్ళాక గడ్డి ఎండి నిప్పు భయం పట్టుకుంటుంది, మళ్ళీ మూత. మధ్యలో ఉన్న మూడు నాలుగు నెలలే నడిచేవాళ్ళవి. ఆ నెలల్లో కూడా మొదటి వారాలు జాగ్రత్తగా ఉండాలి. వానలు వెళ్ళినా అవి చేసిన పని కింద మిగిలే ఉంటుంది. పైకి గట్టిగా కనిపించే రాయి కింద మట్టి కొట్టుకుపోయి ఉంటుంది. ఇదంతా తెలుసు కనుకనే మూడుసార్లు ఫోన్ చేశాను.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో రోజుకొక ఊరేగింపు. నేనూ బడి టీచర్లతో కలిసి నడిచాను, నినాదాలిచ్చాను, గొంతు పోయి రెండు రోజులు బోర్డు మీద రాస్తూ మాత్రమే పాఠం చెప్పాను. ఇంటికి వస్తే ఓనరమ్మ వేడినీళ్ళలో ఉప్పు వేసి ఇచ్చి, "మమ్మల్ని పొమ్మని అరవడానికి నా ఉప్పే కావాల్సొచ్చిందా నీకు" అనేవారు. "మిమ్మల్నెవరు పొమ్మన్నరు ఆంటీ? మీరు పోతే కొత్తోళ్ళు నా కిరాయి పెంచుతరు" అనేదాన్ని. మేం ఇద్దరం నవ్వుకోగలిగాం గానీ, బయట అంత తేలిక కాదు. మా టీచర్లలో ఒకామె, "గామెతోని ఎందుకు తిరుగుతున్నవ్?" అని అడిగింది. ఆవిడ చెల్లెలు విజయవాడ నుంచి ఫోన్ చేసి, "ఆ పిల్లతో అడవులకు పోతున్నావా? నీకేమన్నా మతిపోయిందా?" అందట.

ఆ ఏడాది బస్సులు సమ్మెలో ఉన్నాయి. రెండు బంద్‌ల మధ్య దొరికిన ఒక శనివారం, తెల్లవారగానే ఎల్బీనగర్ చౌరస్తాలో జీపు ఎక్కి, దారిలో ఇంకొకటి మారి, పదకొండు గంటలకు పార్కు గేటు దగ్గర దిగాం. కిటికీలో ఉన్న గుమాస్తా రెండు టికెట్లు చించి ఇచ్చాడు. "గైడ్ ఉన్నడా?" అని అడిగాను. "లేరు మేడమ్. ఉద్యమం గదా, ఎవ్వరొస్తలేరు. దారి సీదా ఉంటది, పోండి" అన్నాడు. అతను మా మొహాలు చూశాడు, ఆవిడ తెల్ల జుట్టు చూశాడు, ఆవిడ చేతిలోని కర్ర చూశాడు. అప్పుడైనా నోరు విప్పలేదు.

పై దారి బాగానే ఉంది. నేల ఇంకా చెమ్మగా ఉంది, తంగేడు పూసింది. మధ్యాహ్నం కాకముందే మెట్ల దగ్గరికి చేరాం. అక్కడ బండను మెట్లుగా కొట్టి, వాగు దాకా దించారు. ఆవిడ ముందు, నేను వెనక. పదో మెట్టో పదకొండో మెట్టో అనుకుంటాను. ఆవిడ కాలు పెట్టిన రాయి ఒక పక్కకు ఒరిగింది. కేక కూడా వినపడలేదు. రాయి దొర్లిన శబ్దం విన్నాను, చూసేసరికి మెట్టు మీద ఆవిడ లేరు.

రెండు నిలువుల కింద, పొదలో పడి ఉన్నారు. కూర్చుని, పాకుతూ దిగాను. స్పృహ ఉంది. ఎడమ కాలు మోకాలి కింద ఉండాల్సిన తీరులో లేదు. "ఏడవకు. ముందు ఎవరినన్నా పిలువు. నేనెక్కడికీ పోలేను కదా" అన్నారు ఆవిడ. ఫోన్లో సిగ్నల్ లేదు. నా చున్నీతో కాలు కదలకుండా కట్టి, అరుచుకుంటూ పైకి ఎక్కాను.

నా అరుపు విన్నది ఒక ఆడమనిషి. నా వయసే ఉంటుంది. వీపున గంప, చేతిలో కొడవలి. ఆ అడవిలోని గూడెం మనిషి. నన్ను చూసి మొదట చెట్టు చాటుకు వెళ్ళింది. ఎందుకో నాకు తరువాత అర్థమైంది. "అక్కా, మా ఆంటీ పడ్డది!" అని అరిచాక బయటికి వచ్చింది.

"వాగు దారిలనా?"

"అవును."

"గా దారి తెగి నెల దాటింది గదక్కా! మిమ్మల్ని ఎట్ల పంపిండ్రు?"

ఆమె గూడేనికి పరుగెత్తి నలుగురిని తీసుకొచ్చింది. ఇద్దరు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు. దుప్పటిని కర్రకు కట్టి డోలీ చేశారు. మెట్ల మీదుగా కాకుండా, వాగు వెంట చుట్టు తిరిగి, వాళ్ళకే తెలిసిన దారిలో పైకి మోసుకొచ్చారు. ఎక్కడ రాయి గట్టిదో, ఎక్కడ కాదో ఆమె ముందు నడుస్తూ పాదంతో తట్టి చెబుతూ పోయింది. రెండు గంటలు పట్టింది. ఓనరమ్మ పెదవి కొరుక్కుని, ఒక్కసారి కూడా అరవలేదు. మధ్యలో ఒకసారి మాత్రం, "నా బరువు మీకు మరీ ఎక్కువైందమ్మా" అన్నారు. "పెద్దమ్మా, నువ్వు ఊకో" అంది ఆమె.

ఆఫీసు వెనక వైపు నుంచి వచ్చాం. అందుకే ఆ బోర్డు నా కంటపడింది. గోడకు ఆనించి ఉంది. పసుపు రేకు, నల్ల అక్షరాలు, ఇనుప కాళ్ళు. "ప్రమాదం. మెట్లు కూలినవి. వాగు దారి మూసివేయడమైనది." రంగు ఎప్పుడో ఆరిపోయింది. దాని మీద సాలెపురుగు గూడు కట్టుకునేంత కాలంగా అది అక్కడ ఉంది.

గుమాస్తాను లాక్కొచ్చి చూపించాను. "ఏంది ఇది?"

"సారు సంతకం కాలె మేడమ్. సంతకం లేంది బోర్డు పెట్టొద్దన్నరు. ఉద్యమంల సారు ఇటు దిక్కు వస్తలేడు."

"బోర్డుకు సంతకం కావాలె. టికెట్ అమ్మనీకి వద్దా?"

ఉద్యమం నాది కూడా. దాని పేరు చెప్పి నా ముందు నిలబడి తప్పించుకుంటున్న ఆ మనిషిని చూస్తే, చెయ్యి ఎత్తకుండా ఉండడానికి నేను పిడికిలి బిగించుకోవలసి వచ్చింది. కానీ అసలు కోపం ఇంకా రావాల్సి ఉంది. నేను జీపు కోసం పరుగులు పెడుతుండగా, ఒక గార్డు వచ్చి డోలీతో వచ్చిన ఐదుగురినీ వరసగా నిలబెట్టాడు. పేర్లు రాసుకుంటున్నాడు.

"ఎందుకు రాస్తున్నవ్?"

"పర్మిషన్ లేకుంట లోపలికొచ్చిండ్రు మేడమ్. వాగు దిక్కు మూసేసినం. ఎవ్వరూ పోవద్దు. కేసు రాయాలె."

మాకు తెరిచి ఉన్న దారి వాళ్ళకు మూసి ఉంది. మా టికెట్లు చూపించాను. "గిదేంది మరి? మూసిన దారికి టికెట్ ఎట్ల ఇచ్చిండ్రు?" అన్నాను. "అది వేరే మేడమ్. మీరు విజిటర్లు" అన్నాడు. గూడెం ఆమె గంప కింద పెట్టి, తల దించుకుని నిలబడింది. దారి తెగిన సంగతి ఆఫీసుకు మొదట చెప్పింది కూడా వాళ్ళ గూడెం వాళ్ళేనని ఆమె దారిలో నాకు చెప్పింది. ఆ మాట గార్డుకు చెప్పాను. విన్నాడు, రాసుకోవడం మాత్రం ఆపలేదు.

ఆ రాత్రికి ఓనరమ్మను నగరానికి తెచ్చి ఆస్పత్రిలో చేర్చాను. కాలు రెండు చోట్ల విరిగింది. లోపల ప్లేటు వేశారు. మూడు నెలలు మంచం. ఆవిడ చెల్లెలు విజయవాడ నుంచి వచ్చి, నన్ను చూడగానే, "కావాలనే తీసుకెళ్ళావు" అంది. మా గల్లీలో ఒకాయన, "ఆంధ్రోళ్ళకు మన అడవుల ఏం పని?" అన్నాడు. ఇద్దరిలో ఒక్కరూ బోర్డు గురించి అడగలేదు. కూలిన మెట్టుకు ఏది కృష్ణా జిల్లా కాలో, ఏది నల్గొండ కాలో తెలియదు. కానీ మనుషులకు కావలసింది అదొక్కటే అయింది.

నేను దరఖాస్తులు రాశాను. నగరంలోని అటవీ ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాను. అక్కడొక పెద్ద అధికారి నా కాగితం చదవకుండానే మడిచి, "రాష్ట్రం సంగతి తేలనీయండి మేడమ్, అప్పుడు చూద్దాం" అన్నాడు. రాష్ట్రం తేలేదాకా మెట్లు కూలకుండా ఆగుతాయా అని అడిగాను. నవ్వాడు.

మూడు నెలల తరువాత గూడెం ఐదుగురినీ విచారణకు పిలిచారని తెలిసింది. నేను రాసిచ్చిన నంబరుకు ఆమె ఎవరి ఫోన్ నుంచో చేసి, "అక్కా, ఒక్కసారి వచ్చి చెప్తవా?" అని అడిగింది. నేనొక్కదాన్నే వెళ్దామనుకున్నాను. ఓనరమ్మ వాకర్ పట్టుకుని నిలబడి, "పడింది నేనా, నువ్వా?" అన్నారు. కారు మాట్లాడుకుని వెళ్ళాం.

విచారణ జరిగే అటవీ ఆఫీసుకు ఎనిమిది మెట్లు. ఆవిడ ఒక్కో మెట్టుకూ ఆగి ఎక్కారు. ఎవరూ కుర్చీ వేయలేదు. నేనే లాగి వేశాను. అధికారి మర్యాదగానే మాట్లాడాడు. "అంత సీరియస్‌గా తీసుకోవద్దమ్మా. వార్నింగిచ్చి వదిలేస్తున్నాం. ఇకముందు ఆ దిక్కు రామని వేలిముద్రలు వేస్తే చాలు" అన్నాడు. బల్ల మీద కాగితం, ఇంకు పెట్టె సిద్ధంగా ఉన్నాయి. ఆమె ముందుకు వచ్చి బొటనవేలు చాపింది. ఆమెకు అది కొత్త కాదని ఆ చాపిన తీరులోనే తెలిసింది.

ఓనరమ్మ ఆమె మణికట్టు పట్టుకున్నారు.

"ఆగమ్మా. ఏమండీ, ఈమె మూసిన దారిలో నడిచిందనే కదా కేసు? నేనూ నడిచాను. ముందు నాది రాసుకోండి. నా వేలూ ముంచండి."

"మీకు టికెట్ ఉంది కదమ్మా."

"అయితే ఆ మాటే రాసివ్వండి. దారి మూసి, టికెట్ అమ్మామని రాసి మీరు సంతకం పెట్టండి. అప్పుడు ఈమె వేస్తుంది."

అధికారి ఆ కాగితాన్ని సొరుగులోకి తోశాడు. "సరే, పొండి. మళ్ళీ పిలిస్తే రండి" అన్నాడు. మళ్ళీ పిలవలేదు. కేసు కొట్టేశారని ఎవరూ రాసివ్వలేదు. తప్పు తమదని కూడా ఎవరూ ఒప్పుకోలేదు. బయట ఆమె ఓనరమ్మకు చెప్పులు తొడుగుతూ, "నీకు బయమైతలేదా పెద్దమ్మా?" అని అడిగింది. "ఎందుకవదే? భయమేసే నీ చెయ్యి పట్టుకున్నాను" అన్నారు ఆవిడ.

రాష్ట్రం వచ్చింది. ఆ రాత్రి నేనూ రోడ్డు మీదికి వెళ్ళి ఎగిరాను, ఏడ్చాను. ఆ సంతోషాన్ని నేను తక్కువ చేయను. కొన్ని నెలల తరువాత నా పాత దరఖాస్తులకు జవాబు అడగడానికి వెళ్తే, రెండు రాష్ట్రాలకూ ఫైళ్ళు పంచుతున్నారని, నాది ఏ వాటాలో పడిందో తెలియదని చెప్పారు. ఒక ముసలామె విరిగిన కాలు ఎవరి వాటా అని అడిగాను. లోపలికి పిలిపిస్తామని బయట కూర్చోబెట్టారు. సాయంత్రం అటెండరు వచ్చి తలుపులు వేశాడు.

తరువాత వాగు దారికి సిమెంటు మెట్లు, ఇనుప కమ్మీలు వేశారు. మంచి పనే. ఆ మెట్లు కట్టడానికి ఇసుక మోసింది గూడెం వాళ్ళే. కట్టడం పూర్తయ్యాక వాళ్ళు తేనెకు వెళ్ళాలంటే ముందు రాతపూర్వకంగా అడగాలన్నారు. రాయడం వచ్చినవాళ్ళు ఆ గూడెంలో అప్పటికి ఇద్దరే. ఆ అర్జీలు ఇప్పుడు నేను రాస్తున్నాను. ఫోన్లో ఆమె చెబుతుంది, నేను రాసి పోస్టు చేస్తాను. ఓనరమ్మకు ఇప్పుడు కుంటు ఉంది, మెట్లు దిగవద్దన్నారు డాక్టర్లు. పక్కన కూర్చుని, నేను "దయచేసి" అని రాసిన ప్రతిచోటా వేలు పెట్టి, "ఇది కొట్టెయ్" అంటారు.